పచ్చని జీర

ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాణ్ణి మనవాళ్లు మెచ్చుకోరు. గిటార్ పెడల్‌వి, నీకు బతుకంతా అదే పని. గిటార్ చెప్పిన మాట కుడిచెవిన వింటావు, ఎడమచెవిన యాంప్‌లోకి వదిలేస్తావు. ఉర్దూ రాతలా కుడినుంచి ఎడమకి. రెండు చెవులకీ మధ్య నాలుగువేళ్ల వెడల్పు. ఆ నాలుగువేళ్ల మేర ఏం జరుగుతుందో, దానికే ఈ దండం.

చిలకపచ్చ అనలేను నిన్ను, అరిటాకుపచ్చ అనీ అనలేను. అటక మీద పాత ఇనప్పెట్టె ఉంటుందే, దానికి పూసే పచ్చ నీది. అంచుల్లో రంగు పెచ్చులూడి లోపలి లోహం తెల్లగా కనిపిస్తోంది. మూడు నల్ల నాబ్‌లు. ఎడమన డ్రైవ్, కుడిన లెవెల్, నడుమ టోన్. తొక్కడానికి ఒక పలక. వెలగడానికి ఒక ఎర్రదీపం. ఇంతే నీ సంసారం.

నిన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొని తెచ్చిన సాయంత్రం అమ్మ వంటింట్లో ఉంది. నేను వాయిస్తున్నది ఆవిడకి తెలిసిన పాటేమీ కాదు. మూడో తీగని వేలితో పైకి లాగి, అది చేరాల్సిన స్వరానికి చేరాక అక్కడే నిలబెట్టి ఉంచాను. పోపు చిటపటలు సద్దుమణిగాక వంటింట్లోంచి గొంతు వచ్చింది.

“ఏరా, దానికి గొంతు జీరపోయిందేంటి? అచ్చం మీ తాతయ్యే!”

తాతయ్యని నేను చూడలేదు. తెనాలి వైపు పద్యనాటకాలు ఆడేవాడట. మైకులు ఊళ్లోకి రాని రోజులు. పందిట్లో ఆఖరి వరసలో తాటాకు చాప మీద పడుకున్నవాడికి కూడా పద్యం చేరాలి. తొలిజాములో గొంతు గంటలా ఉండేదట. హరిశ్చంద్రలో కాటిసీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది, గొంతుకి జీర పట్టేది. జనం లేచి కూర్చునేది అప్పుడే. వన్స్‌మోర్లు పడేవీ అప్పుడే. గంటలాంటి గొంతుకి చప్పట్లు కొట్టి, జీరగొంతుకి ఏడ్చేవాళ్లని అమ్మ చెబుతుంది.

జీర అంటే మనకి గీత కూడా. నిద్రలేని కంట్లో ఎర్రజీరలు ఉంటాయి. గొంతులో పడే జీరకి రంగేమిటో ఎవరూ చెప్పలేదు. నాకు ఆ సాయంత్రం తెలిసింది.

*

నువ్వు పుట్టకముందు జీర కావాలంటే వస్తువు పాడవ్వాల్సిందే.

1951లో మెంఫిస్‌కి కారులో వెళ్తున్న ఒక కుర్రాళ్ల బ్యాండు యాంప్‌ దారిలో దెబ్బతింది. స్పీకర్ కాగితం చిరిగితే సామ్ ఫిలిప్స్ స్టూడియోలో అందులో కాగితాలు కుక్కి రికార్డు చేశారు. ఐక్ టర్నర్ బృందం చేసిన ‘రాకెట్ 88’ అది. గిటార్ గరగరలాడింది, రికార్డు అమ్ముడుపోయింది. 1958లో లింక్ రే స్పీకర్‌కి పెన్సిల్‌తో తూట్లు పొడిచాడు. 1964లో లండన్ కుర్రాడు డేవ్ డేవిస్ బ్లేడు తీసుకుని తన చిన్న యాంప్ స్పీకర్‌ని చీరేశాడు. వేణువుకి చిల్లులు పొడిచింది ఎవరో తెలియదుగానీ స్పీకర్‌కి పొడిచినవాళ్ల పేర్లు మాత్రం చరిత్రలో ఉన్నాయి.

కోయకుండా, చింపకుండా జీర రప్పించే దారి ఒకటుంది. అది వాల్వు యాంప్. మన పెద్దవాళ్ల ఇళ్లలో వాల్వు రేడియోలు ఉండేవి. మీట తిప్పాక కాసేపు ఎర్రగా కాగి, అప్పుడు నోరు విప్పేవి. ఆ గాజుబుడ్లే గిటార్ యాంప్‌లోనూ. వాల్వుకి ఒక గుణం ఉంది. మోయగలిగినంత మోపితే మర్యాదగా మోస్తుంది. మించి మోపితే మూలుగుతుంది. ఆ మూలుగు తియ్యగా ఉంటుంది. తీగని మెల్లగా మీటితే పలుకు, గట్టిగా మీటితే మూలుగు, మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడ సగం పలుకూ సగం మూలుగూ. గిటారిస్టులు ఓవర్‌డ్రైవ్ అనేది దీన్నే.

చిక్కేమిటంటే ఆ మూలుగు కావాలంటే యాంప్‌ని దాదాపు ఆ చివరిదాకా తిప్పాలి. నలభై వాట్ల వాల్వు యాంప్‌ని ఆ చివరిదాకా తిప్పితే మా అపార్ట్‌మెంటులో కింద వాటావాళ్లే కాదు, గేటు దగ్గర కుక్క కూడా లేచి అరుస్తుంది. ఇంట్లో మూలగలేని యాంప్‌కి బదులు తను మూలగడానికి ఒకరు కావాలి. ఆ ఒకరివి నువ్వు.

*

నీ పుట్టుక జపాన్‌లో. 1979 ప్రాంతంలో. గీసిన చెయ్యి సుసుము తమురాది. నిశిన్ ఓంపా అనే కంపెనీలో ఇంజినీరు. వాళ్లు మాక్సన్ పేరుతో సొంతంగానూ అమ్ముకున్నారు, ఐబనెజ్ పేరుతో హోషినో గక్కి వాళ్లకీ చేసిచ్చారు. ఐబనెజ్ పేరుతో వచ్చిన నీకు టీఎస్ 808 అని నంబరు, ట్యూబ్ స్క్రీమర్ అని బిరుదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. నీ పేరు విన్న కొత్తలో నేనూ అదే అనుకున్నాను. నీలో ట్యూబు, అంటే వాల్వు, లేదు. అరుపు అంతకన్నా లేదు, ఉన్నది జీర. ఇక ఐబనెజ్ అన్న మాటకి జపాన్‌తో చుట్టరికమే లేదు. నగోయా ఊళ్లో పుస్తకాల కొట్టు పెట్టుకున్న హోషినోవాళ్లు 1908లో వాయిద్యాల అమ్మకం మొదలుపెట్టారు. తర్వాత స్పెయిన్‌నుంచి సాల్వడార్ ఇబాన్యెజ్ అనే పనివాడి పేరున వచ్చే గిటార్లు తెప్పించారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆ కార్ఖానా నాశనమైంది. పేరు మాత్రం సముద్రం దాటి నగోయాలో మిగిలింది. ఎవరో వలెన్సియా వడ్రంగి ఇంటిపేరు, గిటార్ కూడా కాని ఒక పచ్చడబ్బా నుదుట రాసి ఉంది. మనవైపు చనిపోయిన తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. ఇది అంతకన్నా దూరపు పెంపకం.

*

నీ వీపు మీద మరలు విప్పి లోపలికి చూశాను. చూడకూడనిది చూసినట్టు మొదట కాస్త బెరుకనిపించింది. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పేర్చినంత బోర్డు. దాని మీద ఎనిమిది కాళ్ల నల్లపురుగులాంటి చిప్పు ఒకటి. చారల చారల రెసిస్టర్లు. గోరంత కెపాసిటర్లు. వాటి మధ్య, మిరపగింజకన్నా కాస్త పొడుగు, రెండు డయోడ్లు. ఒకటి ఇటు తల, ఒకటి అటు తల, రైల్లో ఒకే బెర్తు మీద పడుకున్న ఇద్దరు పిల్లల్లా.

నీ రహస్యం ఆ ఇద్దరు పిల్లల దగ్గరే ఉంది.

గిటార్ పికప్‌నుంచి నీకు అందేది చిన్న కబురు. వోల్టులో పదో వంతు అనుకుందాం. నల్లపురుగు దాన్ని పెంచుతుంది. డ్రైవ్ నాబ్ అడుగుకి తిప్పినా 12 రెట్లు, పైకంటా తిప్పితే 118 రెట్లు. పదో వంతు వోల్టు 118 రెట్లయితే 12 వోల్టులకి దగ్గర కావాలి. నీ కడుపులో ఉన్నదా, 9 వోల్టుల బ్యాటరీ. ఉన్నదానికి మించిన ఆశ. అక్కడే డయోడ్లు నోరు తెరుస్తాయి. సుమారు 0.6 వోల్టు దాటగానే దారి ఇచ్చేస్తాయి, పెంపు ఆగిపోతుంది.

చెరువు చూసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. వాన ఎంత కురిసినా నీరు ఒక మట్టం దాటదు. దాటితే అలుగు పారుతుంది. తెలంగాణలో మత్తడి దుంకింది అంటారు. కట్ట నిలిచేది అలుగు పారబట్టే. నీలో రెండు అలుగులున్నాయి. అల పైకి లేచినప్పుడు ఒకటి పారుతుంది, కిందికి దిగినప్పుడు రెండోది. నీకన్నా రెండేళ్ల ముందు, 1977లో, బాస్ కంపెనీ తెచ్చిన పసుపుడబ్బా ఓడీ-1లో రెండు వైపులా మట్టం ఒకటి కాదు. ఒక వైపు ఎక్కువ కోత, ఒక వైపు తక్కువ. నీ తక్కెడ మాత్రం రెండువైపులా సమానం.

సరే, అలుగుతోనే అయిపోతే నువ్వు నాలుగు డబ్బాల్లో ఒక డబ్బావి. అల పైభాగం బల్లపరుపుగా కోసేసే డబ్బాలు సంతలో బోలెడు. నీ లెక్కలో ఒక చిన్న అంకె ఉంది, దాన్ని నేను చాలాకాలం పట్టించుకోలేదు. నీ పెంపుకి సూత్రం రాసేటప్పుడు మొదట ‘1 +’ అని రాయాలి. ఆ ఒకటి ఎక్కడిది? నువ్వు తిరగేసి పెంచే జాతి కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టే పెంచే జాతి. ఆ అమరికలో డయోడ్లు ఎంత కోసినా, వాళ్ల చేతికి దొరకని పాలు ఒకటి మిగిలిపోతుంది. అది గిటార్ నీకు చెప్పిన అసలు మాట. ఒక్క పాలు, ఉన్నది ఉన్నట్టు. కోసిన అల మీద కోయని అల సవారీ చేస్తుంది. అలుగు మీద పారే నీటికి కూడా అల ఉంటుంది కదా, అలా.

అందుకే నిన్ను ఎంత తిప్పినా వేలు చెప్పింది వినిపిస్తుంది. మెల్లగా మీటింది మెల్లగానే తెలుస్తుంది, వణికింది వణికినట్టే తెలుస్తుంది. తాతయ్య గొంతుకి ఎంత జీర పట్టినా పద్యంలో ఒక్క అక్షరం పోయేది కాదని అమ్మ అంటుంది. అక్షరం పోతే అది జీర ఎందుకవుతుంది, బొంగురవుతుంది.

*

ఇంకొకటి. నువ్వు అందర్నీ ఒకేలా పెంచవు. 720 హెర్ట్జ్ దగ్గర నీలో ఒక గీత ఉంది. ఆ గీతకి కిందున్న స్వరాలకి కిందికి పోయేకొద్దీ పెంపు తగ్గిస్తావు. బరువు తీగ మోత నీ దగ్గర చిక్కిపోతుంది. కోత అయ్యాక మళ్లీ ఇంచుమించు అక్కడే ఇంకో గీత గీసి, పైనున్న కీచుని దించుతావు. కిందా పైనా తగ్గితే ఏం మిగులుతుంది? నడుము. మనిషి గొంతు గొంతులా తెలిసేది ఆ నడుములోనే.

నిన్ను తిట్టేవాళ్లు తిట్టేది దీనికే. బేసు తినేస్తాడు, ముక్కుతో మాట్లాడతాడు అని. ఒంటరిగా గదిలో వింటే నిజమే అనిపిస్తుంది. కానీ నువ్వు గదికోసం పుట్టలేదు. పక్కన బేసు గిటార్ ఉంటుంది, డ్రమ్స్ కిక్ ఉంటుంది, సింబల్స్ ఝల్లుమంటుంటాయి. కింద బేసువాడి చోటు బేసువాడికి వదిలి, పైన సింబల్స్ చోటు సింబల్స్‌కి వదిలి, మధ్యలో సందు చూసి నిలబడతావు. పెళ్లిపందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే పనికొచ్చే మాట ఒక్కటి వినిపించే మేనత్త ఒకావిడ ఉంటుంది. పెద్దగా అరవదు. ఆవిడ గొంతు దారి వేరు.

ఫెండర్ యాంప్‌లకి నడుము సన్నం. ఆ తయారీ అంతే, కిందా పైనా నిండుగా ఉండి మధ్యలో లోయ ఉంటుంది. నీ కొండని ఆ లోయలో పెడితే నేల చదునవుతుంది. మీ ఇద్దరికీ జాతకాలు ఎవరూ చూడలేదు. కలిసింది అంతే.

*

సంగీతం తెలిసినవాళ్లు నన్ను కొట్టకపోతే ఒక మాట చెబుతాను. నీకూ తంబురాకీ లోపల్లోపల చుట్టరికం ఉంది.

అలని పైనా కిందా సమంగా కోస్తే బేసి అనుస్వరాలు పుడతాయి. మూడింతలు, అయిదింతలు, ఏడింతలు అనుకో. గిటార్ అయిదో తీగ 110 హెర్ట్జ్. దాన్ని షడ్జం అనుకుందాం. మూడింతలు 330. అది పై స్థాయిలో పంచమం. అయిదింతలు 550. అది ఆ పై స్థాయిలో అంతర గాంధారం. నేను మీటింది ఒక్క ‘స’. నువ్వు ‘ప’ని కలిపావు, దూరంగా ‘గ’ని కలిపావు. అవి మీటిన తీగలోనూ సన్నగా ఉన్నవే. నువ్వు వాటికి బలం పోశావు.

తంబురాలో ఇదే కదా జరిగేది. బ్రిడ్జి మీద తీగకింద సన్నటి దారప్పోగు పెట్టి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి జీవ తెప్పిస్తారు. దారం కుదిరిన క్షణాన తీగ ఝుమ్మంటుంది. మంద్ర షడ్జంలోంచి ఎవరూ మీటని గాంధారం తనంతట తాను లేచి వస్తుంది. స్వయంభూ గాంధారమని పెద్దలు చేతులెత్తి మొక్కింది దానికే. అక్కడ దారప్పోగు చేసే పని ఇక్కడ రెండు డయోడ్లు చేస్తున్నాయి. శుద్ధమైన స్వరం చాలదు, దానికి కాస్త గీరుడు కావాలన్న సంగతి మనవాళ్లకి ఎప్పుడో తెలుసు.

రాక్ వాయించేవాళ్లు పవర్ కార్డ్ అంటారే, షడ్జ పంచమాలు రెండే పట్టుకుని మోగించేది, అది నీ ఒళ్లో ఎందుకు అంత హాయిగా కూర్చుంటుందో ఇప్పుడు తెలిసిందా? 2కీ 3కీ మధ్య తేడా 1. ఆ తేడా కూడా స్వరమై కింద స్థాయిలో షడ్జంగా మోగుతుంది. రెండు మీటితే మూడు వినిపిస్తాయి. గాంధారం కూడా చేర్చి నిండు కార్డ్ పట్టి డ్రైవ్ పెంచితే తేడాలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, ముద్దవుతుంది. నీకు ఇద్దరితో కబుర్లు ఇష్టం, సభలు పడవు.

మీటిన తీగ చచ్చిపోతుంది. ఎంత మంచి గిటారైనా అంతే, మీటిన క్షణంనుంచే తగ్గడం మొదలు. గమకం పట్టాలంటే నాదం నిలవాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలో ఎలక్ట్రిక్ మాండలిన్ ఎందుకుండేదో ఆలోచిస్తే అర్థమవుతుంది. మామూలు మాండలిన్ తీగ టింగుమని అయిపోతుంది, దాని మీద రాగాన్ని ఎక్కడ సాగదీస్తాం? నువ్వు నాదాన్ని నిలిపేది వేరే ఉపాయంతో. శిఖరాన్ని కోసేశావు కాబట్టి, తీగ తగ్గుతున్నా కోత మట్టం దగ్గరే చాలాసేపు ఉంటుంది. తగ్గుతున్నట్టు చెవికి తెలియనివ్వవు. జబ్బుమనిషి ఇంటికొచ్చినవాళ్ల ముందు లేచి కూర్చుని నవ్వినట్టు. చివరికి కోతకిందికి దిగాక ఒక్కసారిగా గొంతు శుభ్రపడి, సన్నబడి, వెళ్లిపోతుంది. ఆ చివరి రెండు క్షణాలు వినడం కోసమే నేను చాలాసార్లు ఏమీ వాయించకుండా ఊరుకుంటాను.

*

టెక్సాస్ వాడు ఒకడు నీ పేరు మోగించాడు. స్టీవీ రే వాన్. 1954లో డాలస్‌లో పుట్టినవాడు. నిన్ను ఎవరు తలుచుకున్నా వెనకే అతను వస్తాడు.

అతను వేసుకునే తీగలు ముతకవి, మొదటి తీగే 13 నంబరు. మామూలువాళ్లు 9, 10తో సరిపెట్టుకుంటారు. 13 మీద బెండ్ లాగడమంటే చేదబావిలోంచి నిండు బిందె ఒక్క వేలితో లాగినట్టే. కాస్త తేలికవుతుందని శ్రుతి అరస్వరం దించేవాడు. అయినా వేళ్ల చర్మం ఊడివచ్చేది, సూపర్‌గ్లూతో అతికించుకుని మళ్లీ వాయించేవాడు. 1982లో స్విట్జర్లాండ్ మాంట్రూ సభలో ఆ బృందాన్ని చూసి జనంలో కొందరు ఛీకొట్టారు. అదే సభలో విన్న డేవిడ్ బౌవీ తన రికార్డుకి వాయించమని పిలిచాడు, జాక్సన్ బ్రౌన్ తన స్టూడియో ఊరికే వాడుకోమన్నాడు. అక్కడ కొద్దిరోజుల్లో చేసిందే 1983 నాటి ‘టెక్సాస్ ఫ్లడ్’. మూడేళ్లు తిరిగేసరికి మాంట్రూవాళ్లే మళ్లీ పిలిచారు.

అతను నిన్ను వాడిన తీరు చూడు. డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ. నిన్ను మూలగమనలేదు. ముందున్న ఫెండర్ వాల్వుల్ని వీపు మీద చరిచి లేపమన్నాడు. నీ నడుము, వాటి మూలుగు, ఆ మధ్యలో అతని ముతక తీగ. ఏది ఎవరిదో విడదీయడం ఇప్పటికీ కష్టం. 808 వాడాడు, 1982లో వచ్చిన టీఎస్ 9 వాడాడు, ఆ తర్వాతి టీఎస్ 10 కూడా. నువ్వు వేషం మార్చినప్పుడల్లా అతను కొత్తవేషాన్ని కాలికింద పెట్టుకున్నాడు. 1990 ఆగస్టు 27న విస్కాన్సిన్‌లో కచేరీ ముగించి వెళ్తుంటే హెలికాప్టర్ కొండని ఢీకొంది. ముప్పై అయిదేళ్లు.

మెటల్ వాయించేవాళ్లు నిన్ను ఇంకోలా వాడతారు. డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా. అప్పటికే గర్జిస్తున్న యాంప్ ముందు నిన్ను పెట్టేది నీ జీరకోసం కూడా కాదు, నువ్వు బేసు తగ్గిస్తావని. తిట్టేవాళ్లు తిట్టిన గుణం కోసమే ఇంకొకరు కొనుక్కున్నారు. నాకు మెటల్ అంతగా పట్టదుగానీ ఈ సంగతి మాత్రం పట్టింది.

*

నీ నల్లపురుగు గురించి జనం చెప్పుకునే కథలకి అంతు లేదు. దాని వీపు మీద జేఆర్‌సీ 4558డి అని ఉంటే వజ్రమట, వేరే రాత ఉంటే గాజుపెంకట. పాత 808ని వేలు పోసి కొనేముందు వీపు తిప్పి ఆ రాత చూస్తారు. రాత చెరిపి కొత్తరాత రాసి అమ్మే ఘనులూ బయలుదేరారు.

నేనూ ఆ పిచ్చిలో పడి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. 4558 ఉందా అని ఏదో దేవరహస్యం అడిగినట్టు గొంతు తగ్గించి అడిగాను. కొట్టతను తల ఎత్తకుండానే “ఎన్ని?” అన్నాడు. డబ్బాలో గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. హోమ్ థియేటర్లకి బేస్-ట్రెబుల్ బోర్డులు చేసేవాళ్లు రోజూ సంచుల్లో పట్టుకెళ్తారట. టీ తాగినంత ఖర్చుతో రెండు తెచ్చుకున్నాను. మార్చి మార్చి పెట్టి ఒక ఆదివారమంతా విన్నాను. నా చెవికి తేడా తెలియలేదు. కోసేది డయోడ్లయితే, గీతలు గీసేది కెపాసిటర్లయితే, మోసేవాడు ఎవడైతేనేం అని నా మతం. పల్లకీ బోయీని చూసి పెళ్లికూతుర్ని అంచనా కట్టేవాళ్లతో నాకు వాదన లేదు.

అయినా నీకు వేషాలు తక్కువా? చిన్న చదరపు బొత్తాం ఉన్న 808, వెడల్పాటి పలక ఉన్న 9, తర్వాత 10, ప్లాస్టిక్ ఒంటితో ఒక 5. డిజిటల్ మోజులో నిన్ను పక్కన పెట్టేశారు. పాతవాటి కోసం జనం ఎగబడ్డాక మళ్లీ తీశారు. 2004లో 808 కూడా తిరిగొచ్చింది. నిన్ను చూసి చేసిన డబ్బాలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం నాకు చేతకాదు. కొన్నింటికి పచ్చరంగు వెయ్యడానికి కూడా సిగ్గుపడలేదు.

*

వాయిద్యానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాను. హార్మోనియం మీదుగా దాటితే తిరిగొచ్చి దండం పెట్టించేవాళ్లు. అలాంటివాడి చేతికి, కాదు, కాలికి నువ్వు దొరికావు. తొక్కితేనే పలికే సరస్వతివి. మొదట్లో తొక్కినప్పుడల్లా చెయ్యి తనంతట తానే కంటిదాకా వెళ్లేది. దసరాకి గిటార్‌కి బొట్టు పెట్టి, నీకు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడ్డాను. తొక్కే పలక మీద పెడితే మళ్లీ తొక్కేది అక్కడే. చివరికి మూడు నాబ్‌ల నడుమ పెట్టాను. పచ్చ మీద కుంకం ఎర్రదీపానికి జోడీలా ఉంది.

బలిచక్రవర్తి మూడో అడుక్కి తల ఇచ్చాడు. నువ్వు మొదటి అడుక్కే ఇచ్చావు.

నీ దగ్గర ఒక పాఠం డబ్బు పెట్టి నేర్చుకున్నాను. నీ కుడిచెవిలో కేబుల్ ఉన్నంతసేపూ నువ్వు మేలుకునే ఉంటావు. దీపం ఆర్పినంత మాత్రాన నిద్రపోవు. ఆ చెవి సాకెట్టే నీ అసలు స్విచ్చి. ఒక రాత్రి అలాగే వదిలేసి పడుకున్నాను. తెల్లారి తొక్కితే దీపం మసగ్గా ఉంది, గొంతు నీరసంగా, అన్నం తినని పిల్లాడిలా ఉంది. వీపు మూత తీసి బ్యాటరీ బయటికి లాగి, చిన్నప్పటిలాగే రెండు కొనలూ నాలుక చివర ఆనించి చూశాను. కొత్త బ్యాటరీ పుల్లగా చురుక్కుమనాలి. ఇది చప్పగా ఉంది. రాత్రంతా ఎవరూ వాయించని గిటార్ మాట కోసం చెవి ఒగ్గి కూర్చుని ఖర్చయిపోయావు.

మా ఇంట్లో ఎర్త్ సరిగా ఉండదు. వట్టికాళ్లతో నిలబడి తీగ ముట్టుకుంటే వేలికి జిల్లుమంటుంది. అందుకని నేను రబ్బరు చెప్పులేసుకుని వాయిస్తాను. మొన్న సాయంత్రం కొత్త బ్యాటరీ వేసి నిన్ను తొక్కాను. మూడో తీగ లాగి నిలబెట్టాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చి నిలుచుంది. ఇన్నాళ్లూ వంటింట్లోంచి వినడమేగానీ, ఆ గొంతు ఎక్కణ్ణించి వస్తోందో చూడటం ఆవిడకి అదే మొదటిసారి. నా వేళ్లని చూసింది. తీగ వెంబడి కిందికి, కేబుల్ వెంబడి నేల మీదికి చూసింది. నా కాలి దగ్గర చూపు ఆగింది.

“తాతయ్యని తొక్కుతున్నావురా నువ్వు,” అంది. కాసేపాగి, “చెప్పులైనా విప్పు.”

ఒకసారి తొక్కి దీపం ఆర్పి, చెప్పులు విప్పాను. నీ లోహం అరికాలికి చల్లగా తగిలింది. తీగ మీద వేలు వెయ్యగానే చురుక్కుమంది. అమ్మకి చెప్పలేదు. తొక్కాను, దీపం వెలిగింది.